ట్యాగ్ లేనివి: 6,212

ఈ దసరాకు మా ఇంటికి జమ్మి వచ్చింది, పాలపిట్ట కనిపించింది, బామ్మర్ది వచ్చాడు. మొదటి రెండూ శుభమని పెద్దలు చెప్పారు. మూడోదాని గురించి ఏ శాస్త్రంలోనూ లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి దిగిన ఆ బ్యాగులో బట్టలు రెండు జతలు, హార్డ్ డిస్కులు మూడు. చాయ్ గ్లాసు కింద పెట్టకముందే "బావా, మన ఇంటి వీడియోలన్నీ ఈ సెలవుల్ల ఒక పద్ధతికి తెస్తా" అన్నాడు. పద్ధతి అన్న మాటకు మా ఇంట్లో ఎదురు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె వాడికి అక్క. అందుకని సాయంత్రానికల్లా హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలింది. వీడియోలను జాబితా కట్టి, ప్రతిదానికీ తేదీ, ఊరు, మనిషి, సందర్భం అని ట్యాగులు అంటించే సాఫ్ట్‌వేర్ అట. ఉచితమే. తెర మీద ఎడమ మూలన ఒక అంకె వెలిగింది. ట్యాగ్ లేనివి: 6,212.

మా ఇంట్లో బీపీ మిషన్ ఉంది, షుగర్ మిషన్ ఉంది. వాటి అంకెలు చూసి ఎన్నడూ పడని టెన్షన్ ఆ 6,212 చూసి ఇంటిల్లిపాదికీ పట్టుకుంది. సద్దుల బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు ఒక మూల వాడిపోతోంది. అందరి కళ్లూ ఇంకో మూలనే.

ఆస్తి వివరం చెప్పాలి. 1998లో మా పెళ్లి మొదలుకొని వీహెచ్ఎస్ క్యాసెట్లు తొమ్మిది. తర్వాత అరచేతిలో పట్టే మినీ డీవీ టేపులు, ఆ తర్వాత డీవీడీలు, ఆ పైన అందరి ఫోన్లు, అంటే సముద్రం. క్యాసెట్ ఆడాలంటే వీసీఆర్ కావాలి. ప్రపంచంలో చివరిదాకా వాటిని తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో చేతులెత్తేసింది. మావాడు ఏదో పాత సామాన్ల కొట్టులో ఒకటి పట్టాడు. మూత తీస్తే మూడు తరాల బొద్దింకల కుటుంబం బయటికి నడిచింది. వాటికి ఎందుకో ట్యాగులు వేయలేదు. మినీ డీవీ గంటకు 13 జీబీ మింగి గానీ కదల్లేదు. డీవీడీలైతే నోరే విప్పలేదు. 1163లో రుద్రదేవుడు వేయి స్తంభాల గుడి కట్టించి, ఎవరు కట్టారో ఎప్పుడు కట్టారో రాయి మీద చెక్కించాడు. మాకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, అక్షరాలు ఇంకా ఉన్నాయి. 2006లో మా చెల్లె పెళ్లికి బంగారు రంగు డబ్బాలో పెట్టి ఇచ్చిన డీవీడీ పదేళ్లకే "నో డిస్క్" అనేసింది.

ముందు తేదీలతో మొదలుపెట్టాడు. మనుషులు అబద్ధం చెప్తారు గానీ తేదీ చెప్పదట. వెంటనే మా పెళ్లి వీడియో పక్కన తేదీ వచ్చింది: 1904 జనవరి 1.

మావాడు కంగారు పడలేదు, వివరించాడు. ఎంపీ4 ఫైళ్లలో కాలాన్ని 1904 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతారు. 1900 లీపు సంవత్సరం కాదు గనుక ఆ చిక్కు తప్పించుకోవడానికి అక్కడ మొదలుపెట్టారట. తేదీ రాయని ఫైలులో సున్నా ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ సున్నానే తేదీ అనుకుంటాయి. లెక్క ఎంతో శాస్త్రీయం. దాని ప్రకారం నా పెళ్లి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో జరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి "నాకూ గట్లనే అనిపిస్తది" అంది.

2019లో మేనల్లుడి పెళ్లి ముహూర్తం బుధవారం తెల్లవారుజామున 4:48కి. ఫోన్ ఆ వీడియోలో గ్రీనిచ్ కాలం రాసుకుంది, ఈ సాఫ్ట్‌వేర్ దానికి మన ఐదున్నర గంటలు కలపలేదు. ముహూర్తం మంగళవారం రాత్రి 11:18కి జరిగింది. పెళ్లి మంగళవారమని వినగానే మా అత్తమ్మ గబుక్కున లేచి దేవుని అర్రలోకి వెళ్లి దీపం పెట్టింది. వాట్సాప్‌లో వచ్చినవైతే మరీ ఘోరం. వాటి పేర్లలో ఉండేది తీసిన తేదీ కాదు, మనకు చేరిన తేదీ. 2015లో పోయిన మా పెద్దబాపు 2021 బరాత్‌లో తలపాగా ఊపుతూ ఆడుతున్నాడు. చూసి ఆనందించాం గానీ, ట్యాగ్ ఏ ఏడాదిది వేయాలో ఎవరికీ తోచలేదు.

ఊర్ల సంగతి తొందరగా ముగిస్తాను, తలనొప్పి కాబట్టి. మేడారం జాతర వీడియోలు మూడున్నాయి. జిల్లా ట్యాగ్ వేయాలి. 2014లో మేం వెళ్లినప్పుడు అది వరంగల్ జిల్లా. 2018 జాతరకు జయశంకర్ భూపాలపల్లి. 2020 జాతరకు ములుగు. సమ్మక్క గద్దె జానెడు కదల్లేదు, మేం ఎత్తు బంగారం పెట్టిన చోటూ మారలేదు. ఇక మేమున్న హన్మకొండ వరంగల్‌లో ఉండేది, 2016లో వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. ఇల్లు మారకుండా మూడు జిల్లాలు తిరిగిన కుటుంబం మాది. పైగా "వరంగల్" అన్న ట్యాగే రెండుసార్లు కనిపిస్తోంది, అక్షరం తేడా లేకుండా. ఒక పూట వెతికితే తేలింది, ఒకదాని చివర పొల్లు వెనక కంటికి కనపడని గుర్తు ఒకటి ఉందట, తెలుగు కీబోర్డులు వదిలేది. లేనిది ఉందని చెప్పేవాళ్లను మన దగ్గర ఇంతకాలం వేరే పేర్లతో పిలిచేవాళ్లం.

అసలు పండుగ మనుషుల దగ్గర మొదలైంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ట్యాగులు చెట్టులా ఉంటాయి. ఒక కొమ్మ ఒకే మొదలు నుంచి రావాలి. మాది మేనరికం. మా ఆవిడ నా మేనత్త కూతురు. మా అత్తమ్మ నాకు అటు నుంచీ అత్తే, ఇటు నుంచీ అత్తే. నాకు నాయినమ్మ అయిన మనిషి మా ఆవిడకూ, ఈ బామ్మర్దికీ అమ్మమ్మ. ఆ ముసలామెను ఏ కొమ్మకు కట్టాలి? మావాడు రాత్రి ఒంటిగంట దాకా ఆలోచించి రెండు చోట్లా కట్టాడు. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ రోజూ అడుగుతోంది: "ఈ ఇద్దరూ ఒకే వ్యక్తా?" అది కనిపెట్టిన దేశాల్లో మావయ్యనూ, బాబాయినీ, పెద్దనాన్ననూ, పెదనాన్న తోడల్లుణ్నీ ఒక్క "అంకుల్"తో సరిపెడతారు. వాళ్లకు చెట్టు సరిపోతుంది. మనకు కావాల్సింది మర్రిచెట్టు, ఊడలు కూడా నేలలో దిగి మొదళ్లయ్యేది.

తర్వాత మొహాలు గుర్తుపట్టే పని. సాఫ్ట్‌వేర్ ఒక రాత్రంతా గిరగిరా తిరిగి, తెల్లారేసరికి మా కుటుంబంలో అందరికన్నా ఎక్కువ కనిపించే మనిషిని తేల్చింది: పెళ్లిళ్లు చేయించే అయ్యగారు. రెండో స్థానం నాది కాదు, మా బాపుది కాదు. ఆకుపచ్చ అంగీలో ఉన్న ఒకాయనది. తొమ్మిది పెళ్లిళ్లలో ఉన్నాడు. 1998లో తలకు నూనె రాసుకుని, 2019లో తలే లేకుండా (వెంట్రుకల మాట చెప్తున్నాను). అంగీ ప్రతిసారీ అదే కాదు గానీ, మొదట దొరికింది అందులో కాబట్టి ఆ పేరే నిలిచింది. ప్రతి పెళ్లిలోనూ మొదటి బంతిలోనే, ఆకు ముందే.

మావాడు అందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టాడు. "గీయన ఎవరు?"

"మనోడే గదా" అన్నాడు మా కాక, వెంటనే.

"మనోడే, పేరేంది?"

"పేరు యాదికి రాట్లే. తొర్రూరు పెద్దబాపు వియ్యంకుని తమ్ముడు."

"గాయన కాడు. గాయన పొట్టిగుంటడు" అంది అత్తమ్మ. "గీయన జమ్మికుంటల మనకు పాలు పోసినాయన కొడుకు."

"పాలాయన కొడుకు పెండ్లికి హన్మకొండ దాకా ఎందుకొస్తడమ్మా?"

"పిలిస్తే రాడా?"

పిలిచామా లేదా అన్నది తేలాలి. మీ తరఫా, మా తరఫా అన్న వాదన మొదలైంది. మాది మేనరికమనీ, రెండు తరఫులూ ఒకటేననీ అందరూ మరిచిపోయారు. మా చెల్లె కరీంనగర్ వాళ్ల మీద అనుమానపడింది. మా ఆవిడ ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో కనుక్కుంది. మధ్యాహ్నం అన్నాలు వేరు వేరు గదుల్లో తిన్నాం.

సాయంత్రం నాకు కట్నాల పుస్తకం గుర్తొచ్చింది. మా బాపు చేతిరాత. పొడుగు రిజిస్టరు, అట్ట మీద పసుపు బొట్టు. ఎవరు, ఏ ఊరు, ఎంత: పరకాల, నర్సంపేట, జనగామ, ఊరికో పేజీ. 51, 101, 116. వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తిరిగి పెట్టిన అంకె పక్కన ఎర్ర టిక్కు. కరెంటు అక్కర్లేదు, అప్‌డేట్ అడగదు, 1904 అనదు. ఏ పేరైనా అర నిమిషంలో దొరుకుతుంది. నాకు తెలిసి మా ఇంట్లో సరిగా పనిచేసిన క్యాటలాగ్ అదొక్కటే. తొమ్మిది పెళ్లిళ్ల పుస్తకాలూ వెతికాం. అన్ని పేర్లకూ ఎవరో ఒకరి మొహం దొరికింది, ఆకుపచ్చ అంగీకి తప్ప.

"కట్నం రాయలేదంటే బయటోడే" అన్నాడు కాక.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "కట్నం రాయకుంట తొమ్మిది పెండ్లిండ్లు తిన్నడంటే అయినోడే."

ఆ తర్కానికి జవాబు లేదు. మావాడు ట్యాగ్ వేశాడు: దగ్గరి బంధువు, పేరు తెలియదు.

ఇలా ఆరు రోజులు గడిచాయి. 6,212 కాస్తా నాలుగు వేలకు దిగింది, వెయ్యికి దిగింది, ఇల్లంతా చప్పట్లు. ఈ ఆరు రోజుల్లో ఒక్క వీడియో కూడా నాలుగు సెకన్లకు మించి ఆడలేదు. ఎవరో తెలిసిందా, ట్యాగ్ పడిందా, తర్వాతది. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని బాగు చేయడానికి 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పదీశారు. మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి. పద్దెనిమిదేళ్లు పట్టిందని ఊరంతా తిట్టాం గానీ, అక్కడ నంబర్లు వేసింది మళ్లీ పేర్చడానికి. మావాడు నంబర్లు వేయడానికే నంబర్లు వేస్తున్నాడు.

ఏడో రోజు అత్తమ్మ అడిగింది: "బిడ్డా, ఒక్కసారి మా అవ్వ పాట వినిపియ్యరాదు."

నిజానికి అంతకు ముందు ఎవరికీ తట్టలేదు. మా పెళ్లి అప్పగింతలప్పుడు నాయినమ్మ పాడింది. కూతురి కూతుర్ని కొడుకు కొడుక్కి అప్పగిస్తూ, అటు నుంచీ ఇటు నుంచీ తనే నిలబడి పాడింది. వెతకగానే సెకనులో దొరికింది, ఆ మాట ఒప్పుకోవాలి. మావాడి మొహం వెలిగిపోయింది. ప్లే నొక్కాడు.

గులాబీ పువ్వు విచ్చుకుంది. అందులోంచి మా ఆవిడ మొహం వచ్చింది. తెర మీద విమానం ఒకటి అడ్డంగా ఎగిరిపోయింది. తర్వాత నాయినమ్మ, తెల్ల చీర కొంగు నోటికి దగ్గరగా పట్టుకుని, కళ్లు మూసుకుని పాడుతోంది. పెదవులు కదులుతున్నాయి. వినిపిస్తున్నది సినిమా పాట.

మొత్తం. మొదటి నుంచి చివరి దాకా, ఆమె పాడిన ఆ ఐదు నిమిషాలూ సినిమా పాటే. దాన్ని మిక్సింగ్ అంటారు. కెమెరాలో పడిన గొంతులన్నీ తీసేసి, పైన సినిమా పాటలు పరిచి, గులాబీలు పూయించి ఇచ్చేవాళ్లు. ఎవడడిగాడు? పెళ్లిలో మాట్లాడిన మాట ఒక్కటి లేదు, తిట్టు లేదు, నవ్వు లేదు, నలుగు పెడుతూ ఆడవాళ్లు పాడిన ఒక్క పాట లేదు, మా బాపు "అన్నం తిని పోవాలె" అని అరిచిన అరుపు లేదు. మూడు గంటల క్యాసెట్‌లో మా వాళ్లంతా మూగవాళ్లు. అసలు టేపు ఇమ్మని మరుసటి నెలలో అడిగితే, దాని మీద ఇంకో పెళ్లి తీశామన్నారు. మా నాయినమ్మ పాట మీద ఎవరిదో బరాత్ ఎక్కింది. ఆమె 2003లో పోయింది. ఇంకెక్కడా ఆమె గొంతు లేదు. దీనికి అదనంగా డబ్బులు తీసుకున్నారు, ఇచ్చింది మేమే, ఇచ్చింది నేనే, మిక్సింగ్ లేకపోతే అదేం వీడియో అని బేరమాడి మరీ ఇచ్చాను. మా వీధిలో ఏ ఇంట్లో పాత క్యాసెట్ తీసినా ఇదే. ఒక తరం ఆడవాళ్ల పాటలన్నీ ఇలాగే తుడిచిపెట్టుకుపోయాయి. అడిగితే "అప్పట్ల గదే స్టైల్ సార్" అంటారు. స్టైలట.

పాట ఆగిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు వివరాలు తెరిచే ఉన్నాయి. తేదీ, ఊరు, సందర్భం అన్నీ నింపాడు. మనుషులు: నాయినమ్మ, అమ్మమ్మ. కింద ఒక వరుస సాఫ్ట్‌వేర్ తనంతట తానే నింపుకుంది: ఆడియో ఉంది, రెండు చానళ్లు, 48 కిలోహెర్ట్జ్.

అత్తమ్మ టీవీకి దగ్గరగా జరిగి, సౌండ్ తీసేయమంది. పెదవులను చూస్తూ మళ్లీ మళ్లీ వెనక్కి వేయించుకుంది. మూడోసారికి రెండు మాటలు పట్టుకుంది, ఐదోసారికి మరొకటి. మిగతావి అందలేదు.

ఆ వీడియోకు వేసిన ట్యాగులన్నీ ఆ రాత్రి నేనే తీసేశాను. మావాడు ఏమీ అనలేదు, ఆమె వాడికీ అమ్మమ్మే. మిగతావన్నీ పూర్తి చేసుకుని డిస్కులు సర్దుకుని కరీంనగర్ వెళ్లిపోయాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు. కుశలం అడుగుతాడు, పిల్లల చదువు అడుగుతాడు, కాసేపు ఆగుతాడు.

"బావా, గా మూలకు ఒకటి అని వస్తనే ఉన్నది. నిద్ర పడ్తలేదు."

రానీ అంటున్నాను.