డమ్మీ గ్యాస్ బాటిల్ గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ డమ్మీ గ్యాస్ బాటిల్ గారి సముఖానికి,

నాలుగు చక్రాల క్వాడ్ బైకు షాకప్ పక్కన, గ్యాస్ నింపిన బాటిల్‌లా కనిపిస్తూ, ఒళ్లంతా బంగారు రంగు పూసుకుని, రెండు ఆలెన్ బోల్టుల మీద కొలువుదీరే మీకు నమస్కారాలు. ఇక్కడ ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. మీ క్షేమానికి ఏ లోటూ లేదని నాకు తెలుసు. పని చేసేవాళ్లకే అరుగుదల. మీకు సీలు అరగదు, ఆయిల్ కారదు, గ్యాస్ దిగదు. ఉంటే కదా దిగడానికి!

మొయినాబాద్ దాటాక ఉన్న ఒక రిసార్టులో క్వాడ్ బైకుల బాగోగులు చూడటం నా ఉద్యోగం. శని, ఆదివారాల్లో గచ్చిబౌలి, కొండాపూర్ నుంచి జనం వస్తారు, మొరం గుట్టల మీద ఎగిరెగిరి తిరుగుతారు, ఫొటోలు దిగి పోతారు. సోమవారం పొద్దున్నే ఆ బండ్ల కింద దూరేది నేను. మీతో నా పరిచయం అక్కడిదే.

మీరు ఎవరి వేషం వేశారో ఆ పెద్దమనిషి గురించి మీకెవరూ చెప్పి ఉండరు, కాబట్టి చెబుతాను. షాకప్‌లో స్ప్రింగు పని బరువు మోయడం వరకే. గుంతలో పడ్డ బండి అదే పనిగా ఊగకుండా పట్టుకునేది లోపలి ఆయిల్. పిస్టన్‌కి ఉన్న సన్నటి దారుల్లోంచి అది కష్టపడి దూరుతుంది, ఆ కష్టం వేడిగా మారుతుంది. అరగంట గుట్టలెక్కించి దించితే ఆయిల్ కాగుతుంది, ఒత్తిడి తగ్గిన చోట బుడగలు లేస్తాయి. ఇక పిస్టన్‌కి అడ్డు ఆయిల్ కాదు, నురగ. షాకప్ ఉన్నా లేనట్టే. అలా జరక్కుండా నిజమైన గ్యాస్ బాటిల్‌లో, అంటే రిజర్వాయర్‌లో, జారే పిస్టన్ ఒకటి పెట్టి, దాని వెనక సుమారు 150 నుంచి 200 పీఎస్‌ఐ ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. కారు టైరులో ఉండేది 30 చుట్టుపక్కల. రాడ్ లోపలికి దిగినప్పుడు పక్కకు జరిగే ఆయిల్‌కి చోటిచ్చేది కూడా ఆ నైట్రోజనే.

మీకూ షాకప్‌కీ మధ్య సూది దూరేంత దారి కూడా లేదు. ఉత్సవ విగ్రహాన్నయినా ఉత్సవాలకే ఊరేగిస్తారు, మిమ్మల్ని వారం వారం గుట్టల మీద ఊరేగిస్తున్నాం.

రంగు విషయంలో మాత్రం మీ తెలివిని మెచ్చుకోవాలి. స్వీడన్‌లో 1976లో మొదలైన ఓలిన్స్ కంపెనీ షాకప్‌ల బంగారు రంగు రేసుల వల్ల లోకమంతా తెలిసిపోయింది. వాళ్ల వాల్వులు కాపీ కొట్టాలంటే మెషిన్లు కావాలి, బుర్ర కావాలి. రంగుకైతే పెయింటు డబ్బా చాలు.

పుత్లీబౌలిలో ఒక స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర మీ దర్బారు చూశాను.

"గ్యాస్ వాలా హై భయ్యా, ఫుల్ గ్యాస్," అన్నాడు సేటు.

ఎంత వెతికినా నింపే వాల్వు కనబడలేదు. "గ్యాస్ ఎక్కడి నుంచి నింపుతారు సేట్?" అని అడిగాను.

"ఫ్యాక్టరీ ఫిల్లింగ్ అన్నా. జిందగీ భర్ నింపే పనే లేదు."

ఆ కౌంటర్ మీద నేను విన్న నిజం అదొక్కటే.

పక్కనే ఇంకో బేరం నడుస్తోంది. కొనడానికి వచ్చినాయన షాకప్‌ని నిలబెట్టి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి, "అబ్బో, టైట్ ఉందన్నా" అన్నాడు. చేత్తో ఎత్తి చూసి "బరువుంది, మంచి మాలే" అన్నాడు. నాబ్ తిప్పితే టిక్కు టిక్కుమంది, దాంతో జేబులోంచి ఫోన్ తీసి డబ్బులు కొట్టేశాడు. చేత్తో నొక్కితే తెలిసేది స్ప్రింగు ఎంత గట్టిదో, అదీ అంతంతమాత్రం. బరువంటారా, చక్రంతో పాటు కిందికీ పైకీ ఆడే సామాను ఎంత తేలికైతే అంత మంచిది. మంచి షాకప్‌లకు ఒళ్లు అల్యూమినియంతో చేసేది అందుకే. ఇక నాబ్. దాని వెనక ఆయిల్ దారిని మూసి తెరిచే సూది ఉండాలి. చిన్న గోళీ, చిన్న స్ప్రింగు పెట్టినా అదే టిక్కు వస్తుంది.

గ్యాస్ ఉందో లేదో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్‌తో స్ప్రింగు తీసి, రాడ్‌ని లోపలికి నొక్కి వదిలితే, గ్యాస్ ఉన్న షాకప్‌లో రాడ్ దానంతటదే బయటికొస్తుంది. మీ పక్కనున్న రాడ్ ఎక్కడ వదిలితే అక్కడే కూర్చుంటుంది. రాడ్‌ని గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూడాలి కూడా. క్రోమ్ మీద గీత ఉంటే అది సీలుని కోస్తుంది, ఆపైన మా గ్రానైట్ మొరం దుమ్ము మిగతా పని పూర్తి చేస్తుంది. ఇదంతా చూస్తానంటే సేటు ఒప్పుకోడు. స్ప్రింగు విప్పితే మాల్ మీదేనంటాడు.

అందుకే కొని, మీలో ఒకరిని బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపుకి తీసుకెళ్లి నిలువునా కోయించాను. లోపల పోత పోసిన డొల్ల, అచ్చు అతుకుల గీతలు, ఇంకేం లేదు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో పిల్లలకు చూపించడానికి ఆ రెండు ముక్కలూ దాచాను. కోసిన ఉస్తాద్ చాలాసేపు చూసి, "ఇందులో ఏం పోయింది సార్, వెతుకుతున్నరు?" అన్నాడు. (నిజమైన రిజర్వాయర్‌ని మాత్రం ఎవరూ ఇలా చెయ్యకండి. ఒత్తిడి వదలకుండా మూత విప్పితే అది ముఖం మీదికే లేస్తుంది. ఈ ఒక్క విషయంలో మీరే మేలు.)

మీ చుట్టాల గురించి కూడా చెప్పాలి, వాళ్లు మీకంటే ప్రమాదం. క్రోమోలీ 4130 అనే గట్టి ఉక్కు పేరు స్టిక్కర్‌గా అంటించుకున్న ఏ-ఆర్మ్‌లు (చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేతులు) వచ్చాయి. "కావాలంటే మ్యాగ్నెట్ పెట్టి చూడండి" అంటాడు అమ్మేవాడు. 4130లో క్రోమియం ఒక శాతం చుట్టూ ఉంటుంది, మిగిలినదంతా దాదాపు ఇనుమే. దానికీ అంటుకుంటుంది, మామూలు పైపుకీ అంటుకుంటుంది, మా గేటుకీ అంటుకుంటుంది. వెల్డింగు చూద్దామంటే దాని మీద వేలెడంత పౌడర్ కోటింగ్. ఎడమదీ కుడిదీ ఒకదాని మీద ఒకటి పెట్టి బుష్ రంధ్రాల్లోంచి ఒకే బోల్టు దూర్చి చూశాను, ఒకవైపు దూరింది, రెండోవైపు దూరలేదు. జత అన్నారు గానీ జాతకాలు కలవలేదు. బోల్టు తల మీద అది ఎంత గట్టిదో చెప్పే 8.8, 10.9 లాంటి అంకె ఉండాలి. వాటి తల మీద ఏ రాతా లేదు.

షాకప్ చెడితే నడుము నొస్తుంది. ఏ-ఆర్మ్ చివర చక్రాన్ని పట్టి ఉంచే గోళీ కీలు, అంటే బాల్ జాయింట్, ఊడితే చక్రమే పక్కకు పడిపోతుంది. కొత్త బాల్ జాయింట్‌ని చేత్తో తిప్పితే బిగువుగా, ఒకే తీరుగా తిరగాలి. పైకీ కిందికీ లాగితే అస్సలు ఆడకూడదు. మాకు వచ్చినవి డబ్బాలోనే గలగలమన్నాయి. నట్టు విప్పుకోకుండా ఆపే స్ప్లిట్ పిన్‌కి రంధ్రం ఉంది, స్ప్లిట్ పిన్ మాత్రం లేదు.

టూవీలర్ హెల్మెట్‌కి 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మా రిసార్టులో బండెక్కేవాళ్లకు ఇచ్చేది అవే. తల మీద గుర్తు వెతుకుతాం గానీ, చక్రాన్ని పట్టుకున్న గోళీ ఎవరు చేశారని ఎవరమూ అడగం.

ఇదంతా మా సార్‌కి చెప్పాను. సీలు మార్చుకుని, ఆయిల్ పోసుకుని మళ్లీ వాడుకోగల సాదా నల్ల షాకప్‌లు కొందామన్నాను. ఆయన ఓపిగ్గా విని, "మంచిదే గానీ, ఆ బాటిల్ ఉన్నయి లేవా? ఫొటోల మంచిగుంటయి కదా" అన్నారు.

చివరికి రాజీ కుదిరింది. నల్ల షాకప్‌లు పనిచేస్తున్నాయి. కోతకు గురికాని మీ తమ్ముళ్లను వాటి పక్కనే ఫ్రేముకి క్లాంపుతో బిగించాను. మొన్న ఆదివారం ఒక కుర్రాడు వరసలో ఉన్న బండ్లన్నీ చూసి, "అన్నా, నాకు ఆ గ్యాస్ షాక్స్ బండే కావాలి" అని పది నిమిషాలు ఆగి మరీ ఎక్కాడు. దిగాక "స్మూత్ ఉందన్నా" అని మీ నెత్తి మీద తట్టి వెళ్లాడు.

కాబట్టి ఇకపై మీరు మా దగ్గరే ఉంటారు. ఒక్క విన్నపం. ఎలాగూ లోపలంతా ఖాళీయే, వచ్చే మోడల్‌లో పైన మరలు తిరిగే మూత ఒకటి పెట్టించుకోండి. స్ప్లిట్ పిన్‌లు అందులో వేసుకుంటాను.

ఇట్లు,
సోమవారం బండి కింద ఉండేవాడు