టెక్సస్‌లో మిగిలేది పద్నాలుగు వేలు కాదు

కాలిఫోర్నియాలోని బే ఏరియా నుంచి టెక్సస్‌లోని డాలస్‌కు మారితే లక్షన్నర డాలర్ల జీతంపై 9.3 శాతం రాష్ట్ర ఆదాయ పన్ను తప్పి ఏడాదికి 14 వేలు మిగులుతాయని, అక్కడ పన్నులే ఉండవని, పెట్రోలు కూడా చవకని చెప్పే వాట్సాప్ సందేశాన్ని ఈ నెలలో నాకు ఆరుగురు మిత్రులు పంపారు. వారిలో ఒక్కరైనా తమ పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూసుకున్నారా?

పెట్రోలు చవకే. దానిపై వాదన లేదు.

9.3 శాతం మొత్తం జీతంపై పడదు. కాలిఫోర్నియా శ్లాబులు 1 శాతంతో మొదలవుతాయి. ఒక్కరి సంపాదనతో నడిచే కుటుంబంలో భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే, 2024 శ్లాబుల ప్రకారం లక్షన్నరపై పన్ను సుమారు 6 వేలు, వారు 9.3 శాతం శ్లాబును తాకనే తాకరు. సందేశం మరిచిన ఎస్‌డీఐ (రాష్ట్ర వైకల్య బీమా) కోతను, 2024లో ఉన్న 1.1 శాతం లెక్కన, నేనే కలుపుతున్నాను. అయినా 8 వేలు దాటదు. పైగా బిడ్డ పుట్టినప్పుడు 8 వారాల వరకు వేతన సెలవు భృతి వచ్చేది ఆ కోత నుంచే.

ఇక ‘పన్నులే ఉండవు’ అన్న మాట కొంపలు ముంచే మాట. డాలస్ శివార్లలో 5 లక్షల డాలర్ల ఇంటికి ఆస్తి పన్ను 2 శాతం లెక్కన 10 వేలు. సొంత నివాసానికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసేశాక కూడా 8 వేలకు అటూఇటూ కట్టాలి. మా తోడల్లుడు డాలస్ శివారు ప్రోస్పర్‌లో కొత్త ఇల్లు కొన్నాడు. పన్నుకు విలువ కట్టే జనవరి 1 నాటికి అక్కడ ఉన్నది ఖాళీ స్థలమే కాబట్టి మొదటి ఏడాది పన్ను స్థలానికే పడింది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి లెక్కగట్టారు. ఎస్క్రోలో (పన్ను కట్టేందుకు బ్యాంకు నెలనెలా వాయిదాతో కలిపి వసూలు చేసే ఖాతాలో) లోటు పడి నెలవాయిదా 900 డాలర్లు పెరిగింది. ఆ సంగతి చెబుతూ బ్యాంకు పంపిన ఉత్తరం పొరపాటున వచ్చిందనుకుని మా మరదలు రెండుసార్లు చదివింది. కాలిఫోర్నియాలో 1978లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న ప్రపోజిషన్ 13 అనే చట్టం వల్ల పన్ను లెక్కగట్టే ఇంటి విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. టెక్సస్‌లో సొంత నివాసానికి సైతం ఆ పరిమితి 10 శాతం. ఇన్ని తెలియకుండా ‘పన్నులే లేవు’ అని పదిమందికి పంపడం బాధ్యతారాహిత్యం.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో నాలుగు పడకగదుల ఇంటికి పెట్టే ధరలో సగం కూడా పెట్టకుండా డాలస్ శివార్లలో అలాంటిదే కొనవచ్చు, అద్దెలూ తక్కువే. జీతం తగ్గించబోమని కంపెనీ రాసిస్తే, ఇళ్ల ధరలనే ఆ ఒక్క కారణంతో మారేవారిని నేను ఆపను. కొనేముందు మాత్రం ఇల్లు పూర్తయ్యాక వచ్చే పన్ను ఎంతో, దానిలో మడ్ పన్ను (కొత్త కాలనీల్లో నీరు, మురుగు వసతుల కోసం వేసే అదనపు పన్ను) ఉందో లేదో బిల్డరును అడిగి కాగితంపై రాయించుకోండి.