చంద్రుడి మీద కార్పొరేటర్ ఎవరు?

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ సంపాదకీయం అని పాఠకుల్లో కొందరు నవ్వుకోవచ్చు. వీధి కుళాయి గురించి, రోడ్డు గుంతల గురించి రాయాల్సిన విశాఖ పత్రికకు అంతరిక్షంలో మనుషుల కాపురంతో ఏం పని అనిపించవచ్చు. ఆ నవ్వును మేం తప్పుపట్టం. కానీ 2035 నాటికి భారతీయ అంతరిక్ష స్టేషన్, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడి పాదం అని లక్ష్యం పెట్టుకున్నది మన కేంద్ర ప్రభుత్వమే. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండి వచ్చారు కూడా. అక్కడ పాటించాల్సిన చట్టం మాత్రం మన దగ్గర ఇంకా తయారు కాలేదు.

చట్టాల విషయంలో మన నిదానం ఎలా ఉంటుందో అంటార్కిటికాను చూస్తే తెలుస్తుంది. అంటార్కిటికా ఒప్పందంలో మనం చేరింది 1983లో. మైత్రి స్థావరం 1989 నుంచి ఉంది. అక్కడ మనవాళ్లు తప్పు చేస్తే ఏం చేయాలో చెప్పే భారత అంటార్కిటికా చట్టం మాత్రం 2022లో వచ్చింది. అదే నడక నడిస్తే 2035లో స్టేషన్ పైకి వెళ్లాక దానికి చట్టం ఎప్పటికి వస్తుందో లెక్కేసుకోండి.

అంతర్జాతీయంగా దిక్కు 1967 నాటి అంతరిక్ష ఒప్పందమే. ఆకాశంలోని ఏ గోళాన్నీ ఏ దేశమూ సొంతం చేసుకోకూడదని, ప్రైవేటు కంపెనీ ఏం చేసినా దాని దేశమే పూచీ పడాలని, తన రిజిస్టర్‌లో ఉన్న వాహనం మీద, అందులోని మనుషుల మీద ఆ దేశానికే అధికారమని అది చెబుతుంది. మంచి ఒప్పందమే. రెండు అగ్రరాజ్యాలు ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచిన రోజుల్లో అంతవరకు ఒప్పుకోవడమే గొప్ప. అయితే అందులో వ్యోమగామి 'మానవాళి రాయబారి'. రాయబారికి జీతం బకాయి పడదు, క్వార్టర్ ఖాళీ చేయమని నోటీసు రాదు, పిల్లలు పుట్టరు. కాపురముండే మనిషి ఆ ఒప్పందం రాసినవాళ్ల ఊహలో లేడు.

తర్వాతి చట్టాల చూపంతా ఖనిజం మీదే. చంద్రుడి సంపద మానవాళి అందరిదీ అన్న 1979 చంద్ర ఒప్పందం మీద మనం 1982లో సంతకమైతే పెట్టాం, ధ్రువీకరించడం మాత్రం ఇప్పటికీ లేదు. అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో, ఆ తర్వాత యూఏఈ, జపాన్, తవ్వుకున్నవాడికే తవ్విన సరుకు మీద హక్కు అని సొంత చట్టాలు చేసుకున్నాయి. చంద్రయాత్రల కోసం అమెరికా చొరవతో కుదిరిన 2020 నాటి ఆర్టెమిస్ ఒడంబడికలోనూ అదే ధోరణి. 2023 జూన్‌లో మనమూ అందులో చేరాం. తవ్విన రాయి ఎవరిదో ఇన్ని కాగితాల్లో ఉంది. తవ్వే మనిషి ఊసు వీటిలో ఎక్కడుందని మా ప్రశ్న.

మన చట్టాల్లోనే చూడండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, భారత పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా తనకు వర్తిస్తుందంటుంది. భారత్‌లో రిజిస్టరైన ఓడలో, విమానంలో ఎవరు నేరం చేసినా వర్తిస్తుందంటుంది. అంతరిక్ష నౌక మాట అక్కడ లేదు. అంటే రేపు మన స్టేషన్‌లోనే ఒక విదేశీయుడు మనవాడి మీద చేయి చేసుకుంటే మన పోలీసు ఏ సెక్షన్ రాయాలో వెతుక్కోవాలి. 1955 పౌరసత్వ చట్టంలోనూ ఇదే కథ: ఓడలో, విమానంలో పుట్టిన బిడ్డ, అది రిజిస్టరైన దేశంలో పుట్టినట్టే లెక్క, అంతకు మించి పైకి వెళితే చట్టం మాట్లాడదు. అమెరికా 1981లోనే తన నేర చట్టంలో అంతరిక్ష వాహనాన్ని చేర్చుకుంది. చంద్రుడి మీద తమ వ్యోమగామి చేసే నేరాల కోసం కెనడా 2022లో శిక్షాస్మృతిని సవరించింది. కొత్త సంహిత రాసుకున్నప్పుడే మనమూ ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది.

నష్టపరిహారం దగ్గర సంగతి ఇంకా చిక్కు. 1972 నాటి బాధ్యత ఒప్పందం ప్రకారం అంతరిక్ష వస్తువు భూమి మీద పడి నష్టం చేస్తే, తప్పెవరిదన్న వాదన లేకుండానే ప్రయోగించిన దేశం చెల్లించాలి. 1978లో సోవియట్ ఉపగ్రహం ఒకటి అణు రియాక్టర్‌తో సహా కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. చివరికి 30 లక్షల కెనడా డాలర్లకు రాజీ కుదిరింది. అదే ప్రమాదం అంతరిక్షంలో జరిగితే మాత్రం ఎదుటివాడి తప్పును రుజువు చేయాలి. పైగా ప్రయోగించిన దేశపు సొంత పౌరులకు, ఆ పనిలో పాల్గొంటున్న విదేశీయులకు ఆ ఒప్పందం వర్తించనే వర్తించదు. అంటే చంద్రుడి మీద ఉండబోయే దాదాపు ప్రతి మనిషీ దాని బయటే.

ఈ ఊరివాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు కమ్మేసినప్పుడు కాళ్లాడినవాళ్లు గాలి ఉన్న వైపు పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. పరుగెత్తడానికి వేరే గాలి ఉండడమే చాలామంది బతకడానికి కారణం. చంద్రుడి మీద గోడ దాటితే గాలి లేదు. లోపలి గాలి కంపెనీ యంత్రం ఇవ్వాలి. ఆ యంత్రం స్విచ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆ ఊరికి ప్రభుత్వం, చట్టంలో ఏం రాసుకున్నా సరే.

కంపెనీ ఊరంటే ఏమిటో కూడా విశాఖకు తెలుసు. ఉక్కునగరంలో క్వార్టర్, నీళ్లు, కరెంటు, వీధి దీపం, ఆసుపత్రి అన్నీ ఫ్యాక్టరీవే. చెట్ల నీడలో చక్కటి టౌన్‌షిప్, అందులో పెరిగిన పిల్లలు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. అయినా రిటైరైతే క్వార్టర్ వదలాలి. ఉద్యోగమే ఇంటికి ఆధారమైనప్పుడు మేనేజ్‌మెంట్‌తో గొడవ పెట్టుకునే ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు. కానీ ఉక్కునగరం కార్మికుడికి ఒక వెసులుబాటు ఉంది. గేటు దాటి వచ్చి కూర్మన్నపాలెం కూడలిలో టెంట్ వేసుకోవచ్చు. ప్రైవేటీకరణ వద్దంటూ 2021 నుంచి అక్కడ దీక్షలు నడిచింది అలాగే. అంతరిక్ష కాలనీలో ఆ కూడలి ఏది? సమ్మె చేస్తే గాలి యంత్రం నడిపేదెవరు? నడపడం ఆపితే అది సమ్మెనా, హత్యాయత్నమా? కార్మిక చట్టాలు రాసేవాళ్లు ఇప్పుడే తల బద్దలు కొట్టుకోవాల్సిన ప్రశ్నలివి.

ఇక ఎన్నికల మాట. మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చిలో. మధ్య తొమ్మిదేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. భూమి మీద, రాజ్యాంగం ఉన్న దేశంలో, లక్షల ఓటర్లున్న నగరంలోనే కార్పొరేటర్ లేకుండా తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. నాలుగు లక్షల కిలోమీటర్ల అవతల యాభై మంది ఉండే గూటిలో కమాండర్ గారు తనంతట తాను ఎన్నికలు పెడతారని నమ్మమంటారా? మొదట్లో కమాండర్ మాటే శాసనం కాక తప్పదు, నిజమే. ఓడలో కెప్టెన్ ఉన్నట్టే. ఓడ ఊరుగా మారే రోజు ఏదో ముందే రాసిపెట్టుకోవాలి. ఫలానా సంఖ్య దాటితే, ఫలానా ఏళ్లు నిండితే కౌన్సిల్ పెట్టాలి అని.

ఓడ అంటే గుర్తొచ్చింది. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ నౌక 'ఎంవీ మా' కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో చిక్కుకుంది. సగం ఊరు వెళ్లి సెల్ఫీలు దిగింది. లోపలి 15 మంది సిబ్బందిని ఎవరు దించాలి, నౌకను లాగే ఖర్చు ఎవరిది, చమురు కారితే ఎవరు జవాబుదారీ అన్నదానికి వందల ఏళ్లుగా పేరుకున్న సముద్ర చట్టం ఉంది కాబట్టి పని దారిన పడింది. అదే సముద్ర చట్టంలో ఒక తూటు కూడా ఉంది. యజమాని ఒక దేశం, జెండా పన్ను తక్కువున్న మరో దేశానిది, పనివాడు మూడో దేశం. జీతం ఎగ్గొట్టి ఓడను వదిలేస్తే పనివాడు ఎవరిని అడగాలో తెలియదు. ఈ తీరంలోని నావికుల కుటుంబాలకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. అంతరిక్షంలోనూ రిజిస్టర్ చేసిన దేశానిదే అధికారం కాబట్టి ఆ తూటు అక్కడికీ వెళ్లబోతోంది.

తిరిగొచ్చే టికెట్ సంగతీ తేల్చాలి. 1991 మేలో సోవియట్ యూనియన్ నుంచి మీర్ కేంద్రానికి వెళ్లిన సెర్గీ క్రికల్యోవ్ 1992 మార్చిలో దిగేసరికి ఆయన్ని పంపిన దేశమే లేదు. సునీతా విలియమ్స్ ఎనిమిది రోజులకని వెళ్లి 286 రోజులు ఉండాల్సి వచ్చింది. వాళ్లు ప్రభుత్వ వ్యోమగాములు, ప్రపంచమంతా ఎదురుచూసింది. కంపెనీ దివాలా తీస్తే అందులోని వెల్డర్‌ను దించుకురావడానికి ఎవరు రాకెట్ పంపాలి?

2017లో కేంద్రం అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అది చట్టం కాలేదు. 2023లో వచ్చింది అంతరిక్ష విధానం, చట్టం కాదు. కొత్త బిల్లు రాసేటప్పుడు లైసెన్సులు, బీమాతో పాటు మనిషికీ ఒక అధ్యాయం కేటాయించాలని ఈ పత్రిక కోరుతోంది. గాలి, నీరు, తిరుగు ప్రయాణం జీతంలోంచి కోసే ఖర్చులు కాకూడదు, వివాదం ఉన్నా వాటిని ఆపకూడదు. తిరుగు ప్రయాణపు డబ్బు బయలుదేరక ముందే విడిగా జమచేసి ఉంచాలి. లోపల గాయపడిన పనివాడికి తప్పు రుజువుతో పని లేకుండా పరిహారం దక్కాలి. అతని ఫిర్యాదు వినే కోర్టు ఏదో, ఏ హైకోర్టు కిందికి వస్తుందో పేరుతో సహా ఉండాలి. న్యాయ సంహిత, పౌరసత్వ చట్టాల్లో ఓడ, విమానం పక్కన మూడో మాట చేరాలి.

ఇదంతా ఢిల్లీలోనే తేలాలని లేదు. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయ కళాశాల ఉంది, కంపెనీ ఊళ్లో దశాబ్దాలుగా బతికిన యూనియన్లు ఉన్నాయి. వీళ్లు ఒక గదిలో కూర్చుంటే ఆ అధ్యాయానికి చిత్తుప్రతి ఇక్కడే తయారవుతుంది. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని తెలుగులోనూ పెట్టండి. పైకి వెళ్లే మొదటి వెల్డర్ గాజువాక నుంచే వెళ్లొచ్చు, సంతకం పెట్టే ముందు అతను చదువుకోవాలి కదా.