అప్పు లేని దివాలా

మా బావగారు ఏ పనినైనా దాని చరిత్రతో మొదలుపెడతారు. నెలాఖరుకు చేతిలో డబ్బు ఎందుకు మిగలడం లేదో తేల్చుకోవడానికి ఇంటి ఖర్చులన్నీ రాయాలని నిశ్చయించుకున్నప్పుడు కూడా ఆయన వెంటనే పుస్తకం ముందు కూర్చోలేదు. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్ నగరంలో అచ్చు వేయించి లోకానికి వివరించిన లూకా పచోలీ అనే గణితవేత్తను గురించి, 1904లో జపాను గృహిణుల కోసం ఇంటి పద్దుల పుస్తకాన్ని రూపొందించిన హాని మోటోకో అనే పాత్రికేయురాలిని గురించి ముందుగా చదివి, ఆ రెండు జీవితచరిత్రలనూ మా అక్కయ్యకు భోజనాల వేళ వినిపించారు. అక్కయ్య అంతా ఓపికగా విని, "పద్దులు ఎవరు రాస్తారు, మీరా, నేనా?" అని మాత్రం అడిగింది.

రాసేది తానేనని బావగారు ప్రకటించారు. జపాను పద్ధతిలో ఖర్చులను అవసరాలు, కోరికలు, సంస్కృతి, అనుకోనివి అని నాలుగు తరగతులుగా విడదీస్తారు. తరగతులు నాలుగే అయినా, ఏ ఖర్చు ఎందులోకి వస్తుందన్నది తేలడానికి ఆ ఇంట్లో చాలా వాదప్రతివాదాలు జరిగాయి. బావగారు కొన్న హెడ్‌ఫోన్లు, వాటితో సంగీతం వింటారు కాబట్టి, సంస్కృతిలో చేరాయి. అక్కయ్య కొన్న పూలకుండీలు కోరికల్లోకి వెళ్లాయి. మొక్కలకన్నా సంస్కృతి ఏముంటుందని ఆవిడ వాదించినా పద్దు మారలేదు. మా మేనకోడలు తాను కొన్నవన్నీ అవసరాలేనని లిఖితపూర్వకంగా విన్నవించుకుంది. శీర్షికలు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో, ఆ ఇంట్లో వారు తప్ప తక్కినవారందరూ దుబారా మనుషులేనని నాకు అప్పుడే అర్థమయింది. ఆ మధ్య నేను వారింటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చినందుకు అయిన ఖర్చు "బావమరిది రాక" అన్న పేరుతో అనుకోనివాటిలో ఉండటం కూడా కళ్లారా చూశాను.

ఇంతకూ అసలు విషయం నెలాఖరున బయటపడింది. బావగారు మొత్తం కూడి, మళ్లీ కింది నుంచి పైకి కూడి, ఇంటిల్లిపాదినీ సమావేశపరిచారు. ఆ నెల ఖర్చు ఆదాయానికి దాదాపు రెండింతలు ఉంది. దివాలా తీసిన సంస్థ అధ్యక్షుడు వాటాదారుల ముందు నిలబడినట్టు నిలబడి, ఆయన ఆ అంకెను చదివి వినిపించారు. విచిత్రమేమిటంటే, ఎవరి దగ్గరా దమ్మిడీ అప్పు చేయలేదు, బ్యాంకు ఖాతాలో నిల్వ కూడా తగ్గలేదు.

రాబడికి రెండింతలు ఖర్చు పెట్టి, అప్పు లేకుండా ఉన్న కుటుంబాన్ని గురించి పచోలీ గాని, హాని మోటోకో గాని ఏమీ చెప్పినట్టు లేదు. ఆ లోటును అక్కయ్య తన తర్కంతో పూరించింది. ఖర్చు నిజమై, అప్పు లేదంటే, ఆవిడకు తెలియని ఆదాయం ఏదో ఆయనకు ఉండి తీరాలి. "ఎంత కాలంగా దాస్తున్నారు?" అన్న ప్రశ్నకు బావగారి దగ్గర సమాధానం లేదు, పద్దులు తప్పని అనడానికి ఆయనకు మనసొప్పలేదు, ఆదాయం ఉందని అనడానికి ఆదాయం లేదు. చివరకు పద్దుల పరువు కాపాడుకోవడానికే నిశ్చయించుకుని, కఠినమైన పొదుపు చర్యలు ప్రకటించారు. నేను మళ్లీ ఒకసారి వెళ్లినప్పుడు, చదువుకుంటున్న గదిలో దీపం ఆరిపోతే కరెంటు పోయిందనుకున్నాను. పోయింది కరెంటు కాదు. తలుపు దగ్గర మీటపై వేలు పెట్టి బావగారు నిలబడి ఉన్నారు.

చిక్కుముడిని విప్పింది మేనకోడలు. ఆ అమ్మాయికి ఆర్థికశాస్త్రంపై ఆసక్తి లేదు గాని, తన ఖర్చులకు కోత పడటంతో పద్దుల పుస్తకంపై అపారమైన ఆసక్తి పుట్టింది. క్రెడిట్ కార్డుతో కొన్న ప్రతి వస్తువునూ బావగారు కొన్న రోజునే ఖర్చుగా రాశారు. నెలాఖరున కార్డు బిల్లు కట్టినప్పుడు, ఆ మొత్తాన్ని మళ్లీ ఖర్చుగా రాశారు. ఏటీఎం నుంచి తీసిన నగదును తీసిన రోజున ఒకసారి, అదే నగదుతో ఏమైనా కొన్నప్పుడల్లా మరొకసారి రాశారు. ఏడాదికి ఒక్కసారి కట్టే బీమా ప్రీమియం, పన్నెండు నెలలకు పంచవలసినది, మొత్తంగా ఆ ఒక్క నెల నెత్తినే పడింది. అన్నిటికన్నా ఘనమైనది మరొకటి ఉంది: జీతం రాగానే ఆయన తన పొదుపు ఖాతాలోకి మళ్లించిన డబ్బు కూడా ఖర్చుల వరుసలోనే ఉంది. అంటే, దాచిన కొద్దీ దుబారా పెరిగినట్టు కనిపించే లెక్క అది.

ప్రతి వ్యవహారాన్నీ రెండుసార్లు రాయాలన్నది జంటపద్దు విధానానికి పునాది అన్న మాట నిజమే. కాని ఆ రెండింటిలో ఒకటి జమ వైపు, ఒకటి ఖర్చు వైపు ఉండాలి. బావగారు రెండు పద్దులూ ఖర్చు వైపే రాశారు. "నాన్నా, మనం ప్రతిదీ రెండుసార్లు కొన్నాం" అని మేనకోడలు గంభీరంగా తీర్పు చెప్పింది.

రెండోసారి రాసినవన్నీ కొట్టివేశాక, ఖర్చు ఆదాయానికి లోబడే ఉన్నదని, కొంత మిగులు కూడా ఉన్నదని తేలింది. అందుకు సంతోషించవలసిన బావగారి ముఖం ఎందుకో చిన్నబోయింది. దీపాలు ఆర్పే పదవి పోయిన బాధ కావచ్చు.

అయితే ఆ పద్దుల వల్ల నిజమైన లాభం ఒకటి కలిగింది. వరుసగా చదువుతూ పోతే, ఎవరూ వెళ్లని వ్యాయామశాల సభ్యత్వం, ఎవరూ చూడని ఒక వీడియో సేవ చందా, ఫోటోలు దాచుకోవడానికి ఎప్పుడో కొనుక్కున్న అదనపు ఆన్‌లైన్ చోటు నెలనెలా వాటంతట అవే ఖాతాలో నుంచి డబ్బు తీసుకుంటున్నట్టు కనిపించింది. చిన్న మొత్తాలు కాబట్టి ఎవరి కంటా పడలేదు. చేరడానికి ఒక్క మీట నొక్కితే చాలినచోట, వదులుకోవడానికి మాత్రం "నిజంగానే వెళ్లిపోతున్నారా?" అన్న ప్రశ్నకు రకరకాలుగా జవాబిస్తూ బావగారు ఒక సాయంకాలమంతా గడిపారు.

అలా ఆదా అయిన డబ్బును ఏం చేయాలన్నది తరువాతి సమస్య. మనుషులు ఒకే డబ్బును మనసులో వేర్వేరు ఖాతాలుగా విడదీసుకుని, ఖాతాకొక తీరున ఖర్చు చేస్తారని వివరించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చిందని బావగారు మాకు చెప్పారు. థేలర్ దానిని మానవ బలహీనతగా వర్ణిస్తే, బావగారు అనుమతిగా స్వీకరించారు. అది దొరికిన డబ్బు గనుక జీతం లెక్కలోకి రాదని వాదించి, దానితో ఖర్చులను తానే పసిగట్టి నమోదు చేసే ఒక ఫోను యాప్‌కు ఏడాది చందా కట్టారు. ఇంట్లో మరచిపోయిన చందాలు ఇంకేమైనా ఉంటే వెతికి చూపడం దాని ప్రత్యేకత. గడువు తీరగానే అది కూడా తనంతట తానే డబ్బు తీసుకుంటుందన్న షరతు అట్టడుగున సన్నని అక్షరాలలో ఉంది.

యాప్ వెంటనే పని ప్రారంభించి, ఇంట్లో నడుస్తున్న చందాలన్నిటి జాబితానూ తేదీలతో సహా చూపించింది. అక్కయ్య కళ్లద్దాలు పెట్టుకుని దానిని పై నుంచి కిందికి చదివింది. అందులో దాని పేరు మాత్రం లేదు.