8 మిల్లీమీటర్ల మర్యాద

ఆకలి వేసినప్పుడు భోజనానికి వెళ్లడం అనాగరిక కాలపు అలవాటని, కొత్తగా తెరిచిన ఒక ఇటాలియన్ పాస్తా రెస్టారెంటులో గంటన్నర కూర్చున్నాక నాకు బోధపడింది. అక్కడికి వెళ్లవలసింది ఖాళీ కడుపుతో కాదు, పెన్నూ కాగితంతో. మెనూ తెరవగానే మౌఖిక పరీక్ష మొదలవుతుంది. నేను ఒక పేరు పలకగానే వెయిటరు కళ్లు మూసుకుని, తన చెవులకు కలిగిన గాయం మానేదాకా ఆగి, అదే పేరును మరో రెండు అక్షరాలు సాగదీసి పలికి రాసుకున్నాడు.

పేర్లు పెట్టడంలో ఇటలీవారికి చేతులెత్తి దండం పెట్టవలసిందే. అదే గోధుమ పిండి ముద్ద చెవిలా వంగితే ఒరెక్కియెత్తే, సీతాకోకచిలుకలా విచ్చుకుంటే ఫర్ఫాల్లే అయిపోతుంది. వెర్మిచెల్లీ అంటే చిన్న పురుగులట, స్ట్రోత్సాప్రేతీ అంటే మతగురువు గొంతు నులిమేదట. అర్థాలు తెలియనంత వరకే ఆకలి నిలుస్తుందని గ్రహించి, నేను మరో ప్రశ్న వేయలేదు.

నేను కోరింది కార్బొనారా. రోములో దీనికి గుడ్డు, పెకొరీనో చీజు, గ్వాంచాలే అనే పంది బుగ్గ మాంసం, మిరియాలు చాలు, క్రీము ఊసే ఉండదు. ఈ సంగతి నాకు చెప్పింది ఆ వెయిటరే. సంప్రదాయ శుద్ధి గురించి పది నిమిషాలు ప్రసంగించి లోపలికి వెళ్లిన ఆ పెద్దమనిషి తెచ్చిన పళ్లెంలో మాత్రం పాస్తా క్రీములో పీకల్లోతు మునిగి ఉంది. ఇదేమిటని అడిగితే, "ఇది మా చెఫ్ గారి భాష్యం సార్" అన్నాడు. మూలంలో లేనిది చెప్పడమే భాష్యకారుల పని కనుక నోరు మూసుకున్నాను. మూసుకున్న నోటిలో ఏదో కటుక్కుమంది. పాస్తా ఉడకలేదన్న అనుమానం వెలిబుచ్చేలోపే "అల్ దెంతే", అంటే పంటికి కాస్త గట్టిగా తగిలేలా ఉడికించినది, అన్న జవాబు వచ్చింది. మరెవరైనా సగం ఉడికింది వడ్డిస్తే తిట్లు తింటారు. ఆ రెండు మాటలు వచ్చినవాడు మాత్రం తినేవారి పళ్లనే తప్పుపట్టగలడు.

పాస్తా మనుషులను సోమరులుగా, నిరాశావాదులుగా మారుస్తుందని, దాన్ని ఇటలీ నుంచే తరిమేయాలని ఫ్యూచరిస్టు కవి మరినెట్టి 1930లో ఉద్యమం లేవదీశాడు. బండి చక్రమంత పళ్లెం నడుమ పిడికెడు పాస్తా ఉన్న మా బల్లను చూస్తే, తన ఉద్యమం ఇన్నాళ్లకు ఫలించిందని ఆయన సంతోషించి ఉండేవాడు.

నా మిత్రుడు రిబ్బను ముక్కల్లా ఉండే తాల్యతెల్లే పాస్తా తెప్పించుకున్నాడు. దాని వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు, అంటే ఇటలీలోని బొలోన్యా నగరపు అసినెల్లీ గోపురం ఎత్తులో 12,270వ వంతు ఉండాలని 1972లో ఆ నగరంలోనే అధికారికంగా నమోదు చేశారని, దాని బంగారు నమూనాను అక్కడి వాణిజ్య మండలి భద్రపరిచిందని వెయిటరు వేదం చదివినట్టు చదివాడు. అన్నీ నిజాలే. మిత్రుడు ఇంజనీరు కావడం ఒక్కటే ఆ వెయిటరు దురదృష్టం. మావాడు సంచిలోంచి స్కేలు తీసి, ఒక పోగును ఫోర్కుతో పళ్లెం అంచున చాపి, సాసు తుడిచి మరీ కొలిచాడు. ఒక చివర 6, నడుమ 11. "చేత్తో కోసినది సార్" అన్న వెయిటరు గొంతులో మొదటిసారి వినయం తొంగిచూసింది.

పళ్లేలు ఖాళీ అయ్యాక అతడు మిరియాల మర భుజాన వేసుకుని వచ్చి, కాస్త చల్లమంటారా అని అడిగాడు. మిత్రుడు అలవాటు కొద్దీ దాన్నీ కొలిచాడు. 45 సెంటీమీటర్లు. ఆ పూట మా బల్ల దగ్గరికి వచ్చినవాటిలో కొలతకు లోటు లేనిది అదొక్కటే.