నోరు తెరిపించి చూసేదెవరు?

క్యాన్సర్ అనగానే ప్రభుత్వాలకు యంత్రాలు గుర్తొస్తాయి, యంత్రాలనగానే రిబ్బన్లు. మనల్ని ఎక్కువగా చంపే క్యాన్సర్లలో ఒకటైన నోటి క్యాన్సర్‌ను పట్టుకోవడానికి మాత్రం టార్చిలైటు, గ్లౌజులు, చూడటం నేర్చిన ఏఎన్‌ఎం చాలు.

ఒంటిని బయటా, అవయవాలను లోపలా కప్పే పొరను ఎపిథీలియం అంటారు. అందులో పుట్టే క్యాన్సర్లు కార్సినోమాలు. పెద్దపేగులో పుడితే కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో చూసే పరీక్ష) లాంటిది కావాలి, ఊపిరితిత్తిలో పుడితే స్కాన్ కావాలి. నోట్లో, పొరలోని చదునైన కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ కార్సినోమాకు నోరు తెరిస్తే చాలు. అయినా మన దగ్గర ముదిరాకే బయటపడుతోంది!

చూడటానికో పద్ధతుంది. కట్టుడు పళ్లు తీయించాలి. పెదవుల లోపల, బుగ్గలు, చిగుళ్లు చూశాక నాలుకను గుడ్డతో పట్టి రెండు పక్కలకూ లాగి చూడాలి. నాలుక పైకెత్తించి అడుగునా చూడాలి. గీకినా పోని తెల్లమచ్చ, అంతకన్నా ప్రమాదకరమైన ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు, వేలికి గట్టిగా తగిలే అంచు కనిపిస్తే ఆసుపత్రికి పంపాలి. వక్క నమిలేవారి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే, అది నోటిని బిగించే పని మొదలుపెట్టినట్టే. ఉత్తరాంధ్రలో అంగిలి తప్పక చూడాలి. అక్కడ అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో: చుట్ట నిప్పు నోటి లోపల ఉంటుంది, దెబ్బ అంగిలికి తగులుతుంది. బుగ్గలు చూసి వదిలేస్తే అసలుది దొరకదు.

పొరపాటు జరిగేది ఇక్కడే. మొదట్లో నొప్పి ఉండదు. మందుల షాపులో బీ-కాంప్లెక్స్, పైపూతకు ఓ జెల్ ఇస్తారు, నెలలు గడిచిపోతాయి. పరీక్షకు ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకుతుందన్న భయమొకటి. పాకదు. అయితే ముక్కను పుండు అంచు నుంచి, పక్కనున్న మంచి పొరతో కలిపి తీయాలి. మధ్యలో తీస్తే చచ్చిన కణాలొచ్చి రిపోర్టు తేలదు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతు దాటకుండా, మెడ గ్రంథులకు పాకకుండా దొరికితే అది మొదటి దశ. చాలామందికి ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది.

ఊరందరినీ చూస్తే అనవసర భయాలు, ల్యాబులపై భారం అంటారు. నిజమే, అందరినీ చూడొద్దు. తిరువనంతపురంలో శిక్షణ పొందిన కార్యకర్తలు కళ్లతో చూసి చేసిన పరీక్షల వల్ల పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లోనే తేలింది. వాళ్లను చూడండి చాలు.

అసలు జబ్బు మన లెక్కల్లో ఉంది. దవడ తీసేసే ఆపరేషన్‌కు ఎంత ఇవ్వాలో ప్రభుత్వ ఆరోగ్య పథకంలో రాసి ఉంటుంది. 30 ఏళ్లు దాటిన వారికి నోటి పరీక్ష కూడా ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో ఉంది, కానీ ప్రశ్న అడిగి టిక్కు పెట్టడం పరీక్ష కాదు. గుట్కా నిషేధమూ అంతే. ఏడాదికోసారి ఉత్తర్వు వస్తుంది, పాన్‌మసాలా ఒక ప్యాకెట్‌లో, జర్దా పక్క ప్యాకెట్‌లో కొట్టుకు చేరతాయి, కలుపుకునే పని కొన్నవాడిది. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పి రెండు దశాబ్దాలు దాటింది.

కాబట్టి జిల్లా అధికారులను ఎన్ని నోళ్లు చూశారని అడగొద్దు. మచ్చలున్నాయని పంపినవారిలో ఎందరికి ముక్క పరీక్ష అయింది, పుండు కనపడిన ఎన్ని రోజులకు అయింది? ఈ రెండు అంకెలు నెలనెలా బయటపెట్టమనండి.