పెన్సిలు రాతలు, ఆకుపచ్చ సిరా

నాకొక చెడ్డ అలవాటుంది. పుస్తకం చదువుతూ పక్కన పెన్సిలుతో మనసులో మాట రాసేస్తాను. రచయిత ఎదురుగా ఉండడు కాబట్టి మొహమాటమూ ఉండదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన పాత పుస్తకాలైతే ఇక అడిగేవాడే లేడు.

ఈ మధ్య తెచ్చినవన్నీ క్రైమ్, లేదా ఫాంటసీ. క్రైమ్ నవలలకు ఇప్పుడొక తెగులు పట్టింది. కథ చెప్పేవాడే చివర్లో లేచి "చంపింది నేనే" అంటాడు. అగాథా క్రిస్టీ ఈ పని 1926లోనే చేసేసింది. ఏ నవలలోనో చెప్పను, చదవనివాళ్ల ఉసురు నాకెందుకు? ఆవిడ చేసింది కదా అని ఇప్పుడు అందరూ చేస్తుంటే, మొదటి పేజీలో "నేను" అన్న మాట కనబడగానే వాడి మీద ఓ కన్నేసి ఉంచుతున్నాను. శవం దొరకని చావులనూ నమ్మను. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి చేతులు దులుపుకున్నాడు. పాఠకులు ఊరుకుంటేనా! పదేళ్ల తర్వాత, 1903లో, మళ్లీ బతికించుకు రావలసి వచ్చింది. ఇక నేటి డిటెక్టివ్‌లకు విడాకులు, నిద్రలేమి, మందు. కేసు సంగతి తర్వాత, ముందు ఆయన గోడు వినాలి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఏనాడైనా మనకు తన కష్టాలు చెప్పుకున్నాడా?

ఫాంటసీల బాధ వేరు. పడుకుని చదివితే గుండెల మీద సన్నికల్లు పెట్టుకున్నట్టుంటుంది. కథ మొదలవకముందే ఒక మ్యాపు, ఒక వంశవృక్షం. 1954లో ఇంగ్లండులో టోల్కీన్ ఉంగరం కథ మొదటి భాగం అచ్చయింది. అదే ఏడు మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' సీరియల్ వచ్చింది. అక్కడ మ్యాపు ఇచ్చారు, ఇక్కడ చిత్రా గారి బొమ్మ ఇచ్చారు. ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే చాలు, మాంత్రికుడెవడో, వాడికి ఎంత దూరంలో నిలబడాలో తెలిసిపోయేది. టోల్కీన్‌తో నాకు పేచీ లేదు. ఆయన్ని చూసి మ్యాపులు గీసేవాళ్లతోనే.

ఇలాంటి మ్యాపు గీసినవారు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోనే ఉన్నారు. రిటైర్డ్ తహసీల్దారు. మనిషి మంచివారు, రోజూ పార్కులో కలుస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రాయలేక దాచుకున్నదంతా రిటైరయ్యాక ఒక్కసారి రాసేశారు. ఫాంటసీ, క్రైమ్ కలిపిన నవల. 512 పేజీలు, మొదటి భాగం. సొంత ఖర్చుతో వేయించి, సభ పెట్టి, శాలువా కప్పించుకుని, ప్రతి ఫ్లాటుకూ ఒక కాపీ స్వయంగా తెచ్చి ఇచ్చారు.

"మీరు బాగా చదువుతారటగా. నిర్మొహమాటంగా చెప్పాలి" అన్నారు.

ఎదురుగా "తప్పకుండా సార్" అన్నాను. రాత్రి పెన్సిలు తీశాను.

మ్యాపు దగ్గర: "ఈ నది కొండెక్కుతోంది." రాజుగారి పేరు దగ్గర: "ఈ పేరు పలకాలంటే నోట్లో కిళ్లీ ఉండాలి." రాక్షసుడి గుహ వర్ణన దగ్గర నాకు నవ్వాగలేదు. తూర్పు ఊడలమర్రి, పడమర భేతాళుడి కొలను, దక్షిణం పుర్రెల దిబ్బ, ఉత్తరం రాజమార్గం అని నాలుగు హద్దులూ ఇచ్చారు. "రిజిస్ట్రేషన్ ఎప్పుడో?" అని రాశాను. రాజుగారు తలుపు లోపల గడియ పెట్టుకుని హత్యకు గురవుతారు, ఆస్థాన మాంత్రికుడు విచారణ మొదలుపెడతాడు. అక్కడ మాత్రం కాస్త కోపమొచ్చింది. "మాంత్రికుడే డిటెక్టివైతే అంజనం వేసి చూస్తే సరిపోదా? 512 పేజీలెందుకు? డిటెక్టివ్ కథలో మానవాతీత శక్తులు పనికిరావని ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే రూలు పెట్టాడు" అని మార్జిన్ నిండా రాశాను. ఇంకో చోట "హంతకుడు వంటవాడు. తేలిపోయింది" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

ఓ శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి టీపాయ్ మీద పుస్తకం లేదు.

"మూడో అంతస్తు పిన్నిగారు వచ్చారండీ" అంది మా ఆవిడ. "కాకినాడ నుంచి వాళ్లన్నయ్య వచ్చారట, ఇవ్వడానికి ఒక్క కాపీ కూడా మిగల్లేదట. మీరు చదివేశారుగా, ఇచ్చేశాను."

"చదివేశానని ఎవరు చెప్పారు?"

"పక్కనంతా రాసి పెట్టారుగా, చదవకుండా ఎలా రాస్తారు?"

ఆ రాత్రి నాకు నిద్ర లేదు, నేటి డిటెక్టివ్‌లకు మల్లే. మర్నాటి నుంచి పార్కు మానేశాను. లిఫ్టు మూడో అంతస్తులో ఆగితే టెన్షన్ అని మెట్లెక్కాను. మాది ఐదో అంతస్తు.

నాలుగో రోజు ఆయనే బెల్లు కొట్టారు. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. పుస్తకం చేతిలో పెట్టి "ఎండార్స్‌మెంట్లు వేశాను, చూసుకోండి" అని వెళ్లిపోయారు. కాఫీ కూడా వద్దన్నారు.

తెరిచాను. నా ప్రతి పెన్సిలు రాత కిందా ఆకుపచ్చ సిరా, తేదీ, పొట్టి సంతకం. గెజిటెడ్ అధికారి రిటైరైనా ఆయన సిరా రిటైర్ కాదు.

నది దగ్గర: "పరిశీలించడమైనది. చిత్రకారుని పొరపాటు. సవరించబడును." కిళ్లీ దగ్గర: "అనవసర ప్రస్తావన." హద్దుల దగ్గర: "హద్దులు లేని గుహపై రాక్షసునికి హక్కు ఎట్లు సంక్రమించును?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించినకొద్దీ ఆయనదే రైటనిపించింది. అంజనం దగ్గర: "ఆ రాజ్యమున అంజనము నిషిద్ధము. 340వ పుట చూడవలెను. చూడకనే వ్యాఖ్యానించినట్లు తెలియుచున్నది."

నా గొంతులో తడారిపోయింది. 340వ పేజీ నేను చూడలేదు. 211 దాకా చదివి, క్రైమ్ నవలలన్నిటికీ చేసినట్టే చివరి పేజీల్లోకి దూకాను. 509వ పేజీ పైన మొదటి వాక్యం "వంటవాడి మెడలో పడింది" అని ఉంటే, పక్కన "చెప్పానా! ఉరి పడాల్సిందే" అని రాసి మూసేశాను.

అక్కడ ఆకుపచ్చ సిరా కాస్త గట్టిగా ఒత్తుకుని ఉంది. "వంటవాడు 255వ పుటలోనే నిర్దోషిగా విడుదలయినాడు. 509వ పుటలో వాని మెడలో పడినది ఉరి కాదు, దండ. 508వ పుట చివరి పంక్తి చూడవలెను. అది యువరాణి స్వయంవరము."

చివరి అట్ట లోపల ఇంకో నోటు: "212 నుండి 508 వరకు, మొత్తం 297 పుటలు చదివిన దాఖలాలు లేవు. 15 దినములలో పూర్తిచేసి పుస్తకము తిరిగి సమర్పించవలెను. రెండవ భాగము డీటీపీలో ఉన్నది."

పుస్తకం మధ్యలో కొత్త పెన్సిలొకటి పెట్టి ఉంది. చెక్కించి మరీ పెట్టారు.

ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పొద్దున లిఫ్టులో "ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. 248 అన్నాను. వంటవాడు మంచివాడేనేమోనని ఇప్పుడిప్పుడే నాకూ అనిపిస్తోంది.